గనిగాలిని పరీక్షించిన మహనీయుడు

పాఠ్యాంశ ఉద్దేశం

శ్రమజీవి పీల్చే గాలి పరిశుభ్రంగా ఉండాలని తపించి, అందుకోసం తన దేహాన్నే ప్రయోగశాలగా మార్చుకొన్న శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. ఆయన జీవితాన్ని, సేవలను, ఆయన పొరబడిన ఒక విషయాన్ని, ఆ పొరపాటును శాస్త్రం సరిదిద్దుకొన్న తీరును విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఉమ్మడి కరీంనగర్ జిల్లా శ్రమజీవుల సీమ. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడుతో తెల్లవారుతుంది. నూలుపోగుల నుండి రాలే సన్నని పీచు నేతకార్మికుల తలపైన, కనురెప్పలపైన మంచులా పేరుకొంటుంది. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో వేలాది స్త్రీలు తునికాకును, తంబాకును చాటలో పెట్టుకొని ప్రొద్దంతా బీడీలు చుడతారు. తంబాకు ఘాటు వారి ఇంటిగాలిలో కలిసిపోయి ఉంటుంది. ఇదే సీమలో గోదావరి ఒడ్డున గోదావరిఖని ఉన్నది. అక్కడి కార్మికులు బొగ్గుబాయి అని పిలుచుకొనే గనులలో నేల పొరలను తొలిచి బొగ్గు తీస్తారు. షిఫ్టు ముగించి పైకి వచ్చిన కార్మికుని ముఖం నల్లని ధూళితో నిండి ఉంటుంది.

ఈ వృత్తులు వేరైనా వీరందరికీ ఒక సమానధర్మం ఉన్నది. ఐదు వేళ్లు నోట్లోకి పోవడానికి వారు చేసే పనిలోనే, వారికి తెలియకుండా ధూళి ఊపిరితో పాటు లోపలికి పోతున్నది. బ్రతుకుతెరువు కోసం పీల్చే గాలి బ్రతుకునే హరించరాదు కదా! అయితే గాలిలో ఎంత ధూళి ఉన్నదో, అది ఎంతవరకు సహింపదగినదో తెలుసుకోవడం ఎలా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన వారి చరిత్రలో బొగ్గుగనులకు మొదటి స్థానం ఉన్నది. గనిలోని గాలిని శాస్త్రీయంగా పరీక్షించడానికి పునాది వేసిన వారిలో అగ్రగణ్యుడు జాన్ స్కాట్ హాల్డేన్.

హాల్డేన్ 1860 మే నెలలో స్కాట్లాండులోని ఎడింబరో నగరంలో జన్మించాడు. వారిది సంపన్న కుటుంబం, విద్యావంతుల కుటుంబం. అన్న రిచర్డ్ రాజకీయాలలో ప్రవేశించి బ్రిటిష్ మంత్రివర్గంలో ఉన్నత పదవులు నిర్వహించాడు. సోదరి ఎలిజబెత్ రచయిత్రిగా పేరు పొందింది. హాల్డేన్ ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రం చదివి 1884లో పట్టభద్రుడయ్యాడు. వైద్యవృత్తి చేపట్టి ధనం గడించడానికి ఆయనకు అడ్డేమీ లేదు. కాని ఆయన మనస్సు మందుల మీదకు పోలేదు. మనిషి క్షణమైనా విడువకుండా పీల్చే గాలి మీదకు పోయింది.

డండీ నగరంలో పనిచేస్తున్న రోజులలో ఆయన తన సహచరులతో కలిసి పేదల ఇండ్లలోని గాలిని పరీక్షించాడు. ఒకే గదిలో కుటుంబమంతా నిద్రించే ఇండ్లకు అర్ధరాత్రి వెళ్లి తలుపు తట్టి, గాలి నమూనాలు సేకరించి తెచ్చేవాడు. బడులలోని గాలిని కూడ ఇట్లే పరిశీలించాడు. ఇరుకు గదులలో గాలి ఎంత చెడిపోతున్నదో అంకెలతో సహా నిరూపించాడు. దుర్వాసన ఉన్నదనో, ఉక్కగా ఉన్నదనో చెప్పడం వేరు. గాలిలో ఏది ఎంత పాలు ఉన్నదో కొలిచి చెప్పడం వేరు. ఈ రెండవ పద్ధతి ఆయన జీవితాంతం విడువని వ్రతమైంది. 1887లో ఆయన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చేరుకొన్నాడు. తన ఇంటిలోనే ప్రయోగశాలను నెలకొల్పుకొన్నాడు.

ఆ కాలంలో బ్రిటన్ పరిశ్రమలన్నీ బొగ్గు మీద ఆధారపడి నడిచేవి. గనులలో తరచుగా విస్ఫోటనాలు జరిగి వందలాది కార్మికులు మరణించేవారు. ప్రేలుడు ధాటికే వారంతా మరణించారని అందరూ భావించేవారు. 1896 జనవరిలో వేల్స్ ప్రాంతంలోని టైలర్స్‌టౌన్ గనిలో ఘోరమైన ప్రేలుడు సంభవించింది. 57 మంది ప్రాణాలు కోల్పోయారు. హాల్డేన్ అక్కడికి వెళ్లి మృతదేహాలను ఒక్కొక్కటిగా పరీక్షించాడు. చాలమంది శరీరాల మీద ప్రాణం తీసేంత గాయాలు లేవు. వారి చర్మం, రక్తం అసహజమైన గులాబి వర్ణంలో ఉన్నవి. రక్తాన్ని పరీక్షించగా కారణం తేటతెల్లమైంది. ప్రేలుడు తరువాత వ్యాపించిన కార్బన్ మోనాక్సైడ్ వాయువే వారిలో అధికుల మృత్యువుకు కారణం. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు చేరవలసిన చోటును ఇది ఆక్రమిస్తుంది. మనిషి తనకేమి జరుగుతున్నదో గ్రహించేలోపే కాళ్లు సడలి కూలిపోతాడు.

ఈ వాయువు స్వభావాన్ని తెలుసుకోవడానికి హాల్డేన్ ఇతరులను ప్రయోగాలకు గురిచేయలేదు. తానే కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలిని పీలుస్తూ కూర్చొన్నాడు. మధ్యమధ్య తన రక్తపు బొట్లను తీసి పరీక్షిస్తూ, తనకు కలుగుతున్న లక్షణాలను వ్రాసుకొన్నాడు. రక్తంలో సగానికి పైగా విషవాయువు ఆక్రమించే వరకు ప్రయోగాన్ని కొనసాగించాడు. ఆ స్థితిలో నడక తడబడింది, చూపు మసకబారింది. ఇంకొంత సాగితే ప్రాణాపాయమే. ప్రమాదాలు జరిగిన గనులలోకి దిగి వచ్చిన రోజులలో ఆయన తాను క్షేమమని ఇంటికి తంతి పంపేవాడని, విషవాయువు ప్రభావం వల్ల పంపిన సంగతి మరచి మళ్లీ మళ్లీ పంపేవాడని ఆయన కుటుంబంలో చెప్పుకొనేవారు.

వాయువు కంటికి కనబడదు కనుక దాని రాకను ముందుగా తెలిపే సాధనం కార్మికునికి అవసరం. చిన్నప్రాణుల దేహంలో శ్వాస, రక్తప్రసరణ అతివేగంగా సాగుతాయి. అందువల్ల విషవాయువు మనిషి కన్న ముందుగా వాటిని సోకుతుంది. ఈ సూత్రాన్ని గ్రహించి హాల్డేన్ ఎలుకపిల్లలను, చిన్న పక్షులను గనిలోకి తీసుకొని వెళ్లవలసిందని సూచించాడు. పంజరంలోని కెనరీ పక్షి కొమ్మ మీద తూలిందంటే కార్మికులు వెంటనే వెనుదిరగవలె. ఆ చిన్నపిట్ట ఎందరి ప్రాణాలకో కాపలాగా నిలిచింది. ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చి 1986లో సెలవు ఇప్పించే వరకు బ్రిటన్ గనులలో కెనరీ పక్షులు ఈ సేవ చేసినవి.

హాల్డేన్ తన కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్‌ను బాల్యంలోనే గనులలోకి తీసుకొని వెళ్లేవాడు. ఒకసారి పైకప్పు తక్కువ ఎత్తులో ఉన్న గనిభాగంలో బాలుని నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని అప్పజెప్పమన్నాడు. బాలుడు కొంత చెప్పగానే ఎగశ్వాస వచ్చి కాళ్లు పట్టుతప్పి నేలపై పడిపోయాడు. నేలకు చేరగానే తేరుకొన్నాడు. మీథేన్ వాయువు గాలి కన్న తేలిక కనుక పైకప్పు క్రింద చేరుతుందని, నేల దగ్గర గాలి బాగుంటుందని బాలుడు జీవితాంతం మరువని విధంగా నేర్చుకొన్నాడు. చదివిన పాఠం మరపునకు రావచ్చు గాని అనుభవించిన పాఠం మరపునకు రాదు.

1902లో హాల్డేన్ కార్న్‌వాల్ ప్రాంతంలోని డోల్కోత్ తగరపు గనికి వెళ్లాడు. అక్కడి కార్మికులు రక్తహీనతతో పాలిపోయి ఉన్నారు. గనిగాలి చెడ్డదే కారణమని పలువురు తలచారు. ఆయన పరీక్షించి, అది గాలి వల్ల కలిగిన రోగం కాదని, వెచ్చని తడినేలలో పెరిగే కొంకిపురుగు వల్ల కలిగినదని తేల్చాడు. గనిలో మరుగుదొడ్ల ఏర్పాటు, పరిశుభ్రత అవసరమని చెప్పాడు. అయితే అక్కడే ఆయన కంటబడిన మరొక విషయం ఇంకా భయంకరమైనది. యంత్రాలతో రాతికి రంధ్రాలు వేసే కార్మికులు నడివయస్సు రాకముందే ఊపిరితిత్తులు చెడి మరణిస్తున్నారు. దక్షిణాఫ్రికా బంగారు గనులలో పనిచేసి వచ్చిన యువకుల స్థితి కూడ ఇట్లే ఉన్నది. రాతిధూళిలోని సిలికా అనే పదార్థం ఊపిరితిత్తులను గాయపరచి, గట్టిపరచి, క్షయవ్యాధికి దారి తీస్తున్నదని 1904 నాటి నివేదికలో ఆయన, ఆయన సహచరులు వివరించారు. రంధ్రం వేసేటప్పుడు నీటిని చిమ్మితే ధూళి లేవదని నివారణమార్గం కూడ సూచించారు. ధూళి పుట్టిన చోటనే దానిని అణచవలె ననే సూత్రం నేటికీ గనులలో మొదటి సూత్రంగా నిలిచి ఉన్నది.

ఆయన కృషి గనులకే పరిమితం కాలేదు. మన శ్వాసను నియంత్రించేది ప్రధానంగా రక్తంలోని కార్బన్ డయాక్సైడేనని 1905లో ప్రీస్ట్లీతో కలిసి నిరూపించాడు. సముద్రగర్భంలో పనిచేసే గజ ఈతగాండ్రు ఏ విధంగా అంచెలంచెలుగా పైకి రావలెనో లెక్కగట్టి 1908లో పట్టికలు ప్రకటించాడు. 1911లో అమెరికాలోని పైక్స్ శిఖరం మీద నివసించి, పలుచని గాలికి దేహం అలవాటుపడే తీరును పరిశీలించాడు. 1915లో యుద్ధభూమిలో జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువును ప్రయోగించినప్పుడు అక్కడికి వెళ్లి, ఆ విషం స్వభావాన్ని నిర్ణయించి, రక్షణసాధనాల తయారీకి తోడ్పడ్డాడు. బొగ్గుగనుల పరిశోధనశాలకు అధిపతిగా చాలకాలం పనిచేశాడు. రాయల్ సొసైటీ వారు 1934లో కోప్లీ పతకంతో ఆయనను గౌరవించారు.

ఇంతటి మేధావి సైతం ఒక విషయంలో పొరబడ్డాడు. రాతిధూళి ప్రమాదకరమని లోకానికి చాటిన హాల్డేన్, శుద్ధమైన బొగ్గుధూళి మాత్రం అంతగా హాని చేయదని నమ్మాడు. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. రాతిగనుల కార్మికులతో పోల్చినప్పుడు బొగ్గుగనుల కార్మికులలో క్షయమరణాలు తక్కువగా కనిపించేవి. క్షయ తక్కువగా ఉన్నది గనుక బొగ్గుధూళి నిరపాయమని ఆయన భావించాడు. ఇతర నిపుణులు పలువురు అదే అభిప్రాయంలో ఉండేవారు. ఆయన మాటకున్న గౌరవం ఆ అభిప్రాయానికి బలం చేకూర్చింది. దీని ఫలితం కార్మికుల మీద పడింది. సిలికా ఉన్న రాతిలో పనిచేసినట్లు చూపగలిగిన వారికే చట్టం నష్టపరిహారం ఇచ్చేది. బొగ్గు తప్ప మరొకటి ముట్టని కార్మికుడు నాలుగు అడుగులు వేయలేక ఆయాసపడుతున్నా, అతని రోగానికి పేరు లేదు, పరిహారం లేదు.

1936లో హాల్డేన్ ఇరాన్, ఇరాక్ ప్రాంతాలకు వెళ్లి, చమురు పరిశ్రమలో వడదెబ్బ తగిలిన కార్మికుల స్థితిని పరిశీలించి వచ్చాడు. అప్పటికి ఆయన వయస్సు 75 సంవత్సరాలు. తిరిగి వచ్చిన కొద్దికాలానికే న్యుమోనియా సోకి మార్చి నెలలో ఆక్స్‌ఫర్డ్‌లో మరణించాడు. జీవితమంతా మనిషి శ్వాసను పరిశోధించినవాడు చివరికి శ్వాసకోశవ్యాధితోనే కన్నుమూశాడు.

ఆయన మరణానంతరం సత్యం క్రమంగా వెలుగులోకి వచ్చింది. కార్డిఫ్ ఓడరేవులో కొందరు కార్మికులు ఓడల అడుగుభాగంలో నిలబడి బొగ్గును పారలతో సర్దేవారు. వారు ఎన్నడూ గనిలోకి దిగినవారు కారు, రాతిని తొలిచినవారు కారు. అయినా వారి ఊపిరితిత్తులు చెడిపోయి ఉన్నట్లు గాఫ్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు 1940లో వెల్లడించాడు. బొగ్గుధూళి ఒక్కటే అయినా వ్యాధిని కలిగించగలదని దీనితో రుజువైంది. దక్షిణ వేల్స్ గనులలో జరిగిన విస్తృత పరిశోధనలు ఇదే నిజమని తెలిపినవి. 1943లో బొగ్గుకార్మికుల న్యుమోకోనియోసిస్‌కు బ్రిటిష్ చట్టంలో గుర్తింపు లభించింది. 1945లో కార్డిఫ్ సమీపంలో ఈ వ్యాధి పరిశోధనకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది. 1953లో ఎంపిక చేసిన గనులలో గాలిలోని ధూళిని కొలుస్తూ, అదే కార్మికులకు ఏండ్ల తరబడి ఎక్స్‌రేలు తీస్తూ మహాపరిశోధన ఆరంభమైంది. పీల్చిన సన్నని ధూళి బరువు పెరిగినకొద్దీ వ్యాధి కూడ పెరుగుతున్నదని దాని ఫలితాలు తెలిపినవి.

ఇక్కడ మనం ఒక విషయం గ్రహించవలె. కంటికి కనిపించే ధూళి కన్న కనిపించని ధూళియే ప్రమాదకరం. పెద్ద రేణువులను ముక్కు, గొంతు అడ్డుకొంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. 5 మైక్రాన్ల లోపు రేణువులు ఊపిరితిత్తుల చివరి గదుల దాకా చేరి అక్కడ నిలిచిపోతాయి. గాలి తేటగా ఉన్నట్లు కనబడినంత మాత్రాన అపాయం లేదనుకోరాదు. అందువల్లనే కొలత అవసరం. కార్మికుని నడుముకు చిన్న పంపును కట్టి, అతడు గాలి పీల్చే చోటుకు దగ్గరగా వడపోత కాగితాన్ని అమరుస్తారు. పెద్ద రేణువులను వేరుచేసే ఏర్పాటు కూడ అందులో ఉంటుంది. షిఫ్టు ఆరంభం నుండి ముగిసేదాకా అది అతనితోనే తిరుగుతుంది. కాగితాన్ని ముందు, తరువాత తూచి, పెరిగిన బరువును బట్టి ఒక ఘనమీటరు గాలిలో ఎన్ని మిల్లీగ్రాముల ధూళి ఉన్నదో లెక్కిస్తారు.

అమెరికాలో 1969లో చేసిన గనుల చట్టం ఈ పరిమితిని అంచెలుగా ఘనమీటరుకు 2 మిల్లీగ్రాములకు తగ్గించింది. తరువాత 2014 నాటి నియమాలతో అది 1.5 మిల్లీగ్రాములకు దిగింది. 2 మిల్లీగ్రాములంటే స్వల్పమే కదా అని తోచవచ్చు. ఒక షిఫ్టులో కార్మికుడు సుమారు 10 ఘనమీటర్ల గాలిని పీలుస్తాడనుకొందాం. అప్పుడు అతడు పీల్చే ధూళి 20 మిల్లీగ్రాములు. సంవత్సరానికి 300 షిఫ్టులైతే 6 గ్రాములు. 30 సంవత్సరాల ఉద్యోగంలో 180 గ్రాములు. ఇందులో చాలభాగం నిశ్వాసంతో, కఫంతో బయటకు పోయినా, మిగిలిన కొద్దిభాగం చాలు ఊపిరిని కట్టివేయడానికి. ఈ వ్యాధి ఒకసారి పట్టిందంటే ఊపిరితిత్తులను పూర్వస్థితికి తెచ్చే మందు లేదు. పని మానుకొన్న తరువాత కూడ అది ముదరవచ్చు. కనుక నివారణ ఒక్కటే శరణ్యం.

మన ప్రాంతంలో ఇల్లెందు సమీపాన 1871లో విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రవేత్త బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. అక్కడ మొదలైన సింగరేణి చరిత్ర కాలక్రమంలో గోదావరి తీరం పొడుగునా విస్తరించింది. మన దేశంలో 1952 నాటి గనుల చట్టం, బొగ్గుగనుల నియమాలు దశాబ్దాలపాటు కార్మికుల రక్షణకు ఆధారాలుగా నిలిచినవి. 1957 నాటి నియమాల స్థానంలో 2017లో క్రొత్త నియమాలు వచ్చినవి. పని జరిగే చోట్ల ధూళిని కొలవడం, నీరు చిమ్మడం, గాలి ప్రసరింపజేయడం యాజమాన్యాల బాధ్యత. నిర్ణీత వ్యవధులలో కార్మికునికి వైద్యపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే జరగవలె. ఈ నియమాలు కాగితం మీద ఉండిపోక కార్మికునికి రక్ష కావాలంటే, కొలత నిజాయితీగా జరగవలె. దాని ఫలితం కార్మికునికి తెలియవలె. ధూళి తక్కువగా ఉన్న వేళనో, యంత్రం ఆగిన వేళనో కొలిచి పరిమితి దాటలేదని వ్రాసుకొంటే, ఆ అంకె ఎవరి ఊపిరినీ కాపాడదు.

హాల్డేన్ వంశానికి తెలుగునేలతో ఒక అపురూపమైన బంధం ఉన్నది. గనిలో ప్రసంగం అప్పజెప్పిన ఆ బాలుడే జె.బి.ఎస్. హాల్డేన్‌గా ప్రపంచప్రసిద్ధుడైన జీవశాస్త్రవేత్త అయ్యాడు. ఆయన 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. ఆయన కోరిక ప్రకారం ఆయన భౌతికకాయాన్ని వైద్యవిద్యార్థుల అధ్యయనం కోసం కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు అప్పగించారు. తండ్రి బ్రతికి ఉండగా తన దేహాన్ని శాస్త్రానికి అర్పించాడు. కుమారుడు మరణించిన తరువాత కూడ అర్పించాడు.

హాల్డేన్ జీవితం మనకు రెండు విషయాలు బోధిస్తున్నది. మొదటిది, శ్రమజీవి కష్టాన్ని దూరం నుండి చూసి జాలిపడడం కాక, అతడు దిగిన చోటికి దిగి, అతడు పీల్చిన గాలిని పీల్చి తెలుసుకోవడం నిజమైన విద్య. రెండవది, ఎంతటి మహనీయుని అభిప్రాయమైనా పరీక్షకు నిలిస్తేనే సత్యం. ఆయన నేర్పిన కొలిచే పద్ధతియే ఆయన పొరపాటును సరిదిద్దింది. ఇది ఆయనకు లోపం కాదు, ఆయన విద్యకు దక్కిన విజయం. గోదావరిఖని బొగ్గుబాయిలోనైనా, సిరిసిల్ల మగ్గాల గదిలోనైనా, కోరుట్ల, జగిత్యాలలోని బీడీలు చుట్టే వాకిట్లోనైనా, గాలిలో ఎంత ధూళి ఉన్నదని అడిగి తెలుసుకొనే హక్కు శ్రమించే ప్రతి మనిషికీ ఉన్నది. చదువుకొన్న యువతరం ఆ ప్రశ్నను వారి పక్షాన అడగగలిగిన నాడు హాల్డేన్ కృషి సార్థకమవుతుంది.

ప్రశ్నలు

1. టైలర్స్‌టౌన్ ప్రమాదాన్ని పరిశీలించి హాల్డేన్ కనుగొన్న సత్యం ఏది? ఆయన సూచించిన రక్షణోపాయం ఎట్టిది?
2. బొగ్గుధూళి విషయంలో హాల్డేన్ ఎందుకు పొరబడ్డాడు? ఆ పొరపాటు ఏ విధంగా సరిదిద్దబడింది?
3. కంటికి కనిపించని ధూళి ఎందుకు ప్రమాదకరం? దానిని కొలిచే విధానాన్ని వివరించండి.
4. హాల్డేన్ కుటుంబానికి తెలుగునేలతో గల సంబంధాన్ని తెల్పండి.
5. మీ ప్రాంతంలో ధూళి మధ్య పనిచేసే వృత్తులను గుర్తించి, ఆ కార్మికుల ఆరోగ్యరక్షణకు చేపట్టవలసిన చర్యలను వ్రాయండి.